రాకడ ఎప్పుడు, వెళ్ళేదెవరు?
(ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన పాత తరం ఉపదేశకుల స్మారకోపన్యాసం, ముద్రిత పాఠం)

సంక్రాంతి వెళ్ళి పది పన్నెండు రోజులయ్యేసరికి గుంటూరు, విజయవాడ రహదారి పక్కన, ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయానికి ఎదురుగా పందిళ్ళు లేస్తాయి. ఏటా జనవరి 27, 28, 29 తేదీల్లో అక్కడ బైబిలు మిషను మహాసభలు. రాజధాని అమరావతి పల్లెలకు ఆ చోటు దగ్గరే. అప్పటికి పత్తి తీతలు చివరికొస్తుంటాయి, మిరప మొదటి కోతలు కల్లాలకు చేరుతుంటాయి. కూలికి మనిషి దొరకడమే గగనమైన రోజులు. అయినా పల్నాడు నుంచీ, ఒంగోలు వైపు నుంచీ, గోదావరి లంకల నుంచీ జనం దుప్పట్లు, సద్దిమూటలు సర్దుకుని వచ్చేస్తారు. రోజుకూలి వదులుకుని వచ్చే ఆడవాళ్ళే అందులో ఎక్కువ. వాళ్ళు ఒకరికొకరు చెప్పుకునే పలకరింపు "మరనాత". ప్రభువు వస్తున్నాడని దాని భావం.

సైకిలు హ్యాండిలుకు చేసంచీ తగిలించుకుని, రాత్రి పూట పెట్రోమాక్స్ దీపం కింద వాక్యం చెప్పిన ఉపదేశకుల పేరున జరిగే ఈ ఉపన్యాసానికి ఆ రాకడే విషయం. యేసు మళ్ళీ వస్తాడన్నదానిలో క్రైస్తవ శాఖల మధ్య పేచీ లేదు. విశ్వాస ప్రమాణంలో అందరూ కలిసి చెప్పే మాటే అది. పేచీ అంతా వరుసక్రమంలో ఉంది. లోకం మీదికి మహాశ్రమల కాలం వస్తుందంటారు గదా, దాని ముందే సంఘం ఎత్తబడుతుందా? మధ్యలోనా? శ్రమలన్నీ పడ్డాకనా? బయటివారికి ఇది వేలెడు తేడాగా తోచవచ్చు. లోపలివారికి మాత్రం దీని మీద సంఘాలు చీలాయి, సేవకుల కొలువులు పోయాయి, సంబంధాలు తప్పిపోయాయి.

ముందు ఎవరి వాదం ఏమిటో చూడాలి. పౌలు థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక నాలుగో అధ్యాయంలో, ప్రభువు దిగివచ్చేటప్పుడు చనిపోయిన విశ్వాసులు మొదట లేస్తారనీ, బతికున్నవారు వారితో కలిసి మేఘాల మీద ఎత్తబడి ఆకాశంలో ఆయన్ని కలుసుకుంటారనీ ఉంది. ఎత్తబడుట అన్న బోధకు మూలం అదే. దానియేలు తొమ్మిదో అధ్యాయంలోని డెబ్బై వారాల్లో ఆఖరి వారాన్ని విడదీసి భవిష్యత్తులోకి జరిపితే ఏడేళ్ళ శ్రమలకాలం వస్తుంది. దాని సగం మూడున్నరేళ్ళు. ప్రకటన గ్రంథంలో నలభై రెండు నెలలు, 1,260 రోజులు అని కనబడేవి ఆ సగానికి సరిపోతాయి. ఇక్కడి దాకా చాలామంది కలిసే నడుస్తారు. ఎత్తబడుటను తెచ్చి ఆ ఏడేళ్ళలో ఎక్కడ పెట్టాలన్న దగ్గర దారులు చీలతాయి.

ముందే అనేవారు అదే పత్రిక ఐదో అధ్యాయాన్ని చూపిస్తారు. దేవుడు విశ్వాసుల్ని ఉగ్రతకు నియమించలేదు కాబట్టి ఉగ్రత దిగే కాలంలో వాళ్ళిక్కడ ఉండరంటారు. ఫిలదెల్ఫియ సంఘానికి శోధనకాలంలో కాపుదల మాట ఇచ్చారు గదా అంటారు. ప్రకటన నాలుగో అధ్యాయం మొదలుకొని తీర్పుల వర్ణన అంతటా సంఘం అన్న మాటే రాదన్నది వాళ్ళ మరో ఆధారం. తర్వాతే అనేవారి చేతిలో మత్తయి 24 ఉంది. ఆ దినాల శ్రమ ముగిశాకనే మనుష్యకుమారుడు కనబడి తాను ఎన్నుకున్నవారిని పోగుచేస్తాడని అక్కడ వరుస స్పష్టం. థెస్సలొనీకయుల రెండో పత్రిక రెండో అధ్యాయం కూడా వాళ్ళ వైపే మొగ్గుతుంది. భ్రష్టత్వం, పాపపురుషుడు బయటపడటం ముందు, ప్రభువు దినం తర్వాత. మధ్యలో అనేవారు పౌలు చెప్పిన కడవరి బూరను పట్టుకుని, ప్రకటన పదకొండో అధ్యాయంలోని ఏడో బూర అదేనంటారు.

మేఘాల్లో కలుసుకుని ఎటు వెళ్తారన్నది ఇంకో చిక్కు. శ్రమల తర్వాతే అనేవారి వాదం తెలుగు పెళ్ళిళ్ళు చూసినవారికి చప్పున అందుతుంది. మగపెళ్ళివారు ఊరి పొలిమేరకు రాగానే ఆడపెళ్ళివారు మేళతాళాలతో ఎదురెళ్ళి, పానకమిచ్చి, వెంటబెట్టుకుని విడిదికి తెస్తారు. ఎదుర్కోలుకు వెళ్ళినవాళ్ళు అటునుంచి అటే వరుడి ఊరికి వెళ్ళిపోరు. పౌలు రోముకు వస్తున్నాడని విని అక్కడి సోదరులు అప్పీయా సంత దాకా, మూడు సత్రాల దాకా వచ్చి కలుసుకున్నారని అపొస్తలుల కార్యాల్లో ఉంది. కలుసుకుని రోముకే తీసుకువెళ్ళారు. అలాగే విశ్వాసులు ఆకాశానికి ఎదురెళ్ళి, రాజును భూమి మీదికి తోడ్కొని వస్తారంటారు వీరు. ముందే అనేవారు ఒప్పుకోరు. పెళ్ళికూతురు ముందు అత్తవారింటికి వెళ్ళాలి, అక్కడ ఏడేళ్ళు పెళ్ళివిందు, ఆ తర్వాతే ఇద్దరూ కలిసి రావడం అంటారు. రెండు వైపులా పెళ్ళే, ఊరేగింపు ఎటు మళ్ళుతుందన్నదే తగువు.

సభల్లో ఇదంతా గుడ్డ మీద వేసి చూపించే ఆచారం పాతది. తెల్లటి మల్లుగుడ్డ, ఇటు కొస నుంచి అటు కొసకు కాలరేఖ. ఎడమ కొసన ఏదెను తోట, నోవహు ఓడ, సీనాయి కొండ. నడుమ సిలువ. కుడివైపు ఒక పైబాణం, దాని పక్కన ఏడేళ్ళని రాసిన ఎర్ర గడి, ఆ తర్వాత కిందికి దిగే బాణం, ఆపైన వెయ్యేళ్ళ పాలనకు పసుపు గడి, చివర అగ్నిగుండం. బోధకుడు వెదురు పుల్లతో ఒక్కో గడి మీద తట్టుతూ గంటల తరబడి చెబుతాడు. చదువురాని ముసలమ్మ కూడా ఇంటికెళ్ళేసరికి ఎర్రగడి ఎక్కడుందో, పైబాణం దానికి ఏ పక్కనుందో చెప్పగలదు. ఈ పటాలకు పూర్వరూపం అమెరికాలో క్లారెన్స్ లార్కిన్ అనే బాప్టిస్టు పాస్టరు గీసినవి. ఆయన మొదట యంత్రాల నమూనాలు గీసే ఇంజనీరు. పటాల్లో ఆ పనితనం తెలుస్తూనే ఉంటుంది, కాలం గేర్ల పెట్టెలా బిగించి ఉంటుంది.

ఈ పైబాణం ఎర్రగడికి ముందుకు ఎలా వచ్చిందో తెలియాలంటే 1831కి వెళ్ళాలి. ఆ ఏడాది అక్టోబరులో ఐర్లండులో, డబ్లిన్ దగ్గర పవర్స్‌కోర్ట్ భవనంలో ఒక జమీందారిణి ప్రవచన సదస్సు పెట్టించారు. తర్వాత రెండేళ్ళు కూడా జరిగింది. దొరలు, మతాచార్యులు రోజుల తరబడి కూర్చుని దానియేలునూ ప్రకటననూ చర్చించారు. అందులో ప్రముఖుడు జాన్ నెల్సన్ డార్బీ. ఇశ్రాయేలుకు దేవుడు చేసిన వాగ్దానాలు వేరు, సంఘానికి చేసినవి వేరు, సంఘాన్ని తీసేశాకే ఇశ్రాయేలు లెక్క మళ్ళీ మొదలవుతుంది అన్న పద్ధతికి కాలక్రమంలో రూపమిచ్చినవాడు ఆయనే. శ్రమలకు ముందే ఎత్తబడుట ఆ పద్ధతిలోంచి వచ్చిన కొమ్మ.

అదే ఏడాది మే నెలలో బాగ్దాదులో ఒక ఇంగ్లీషు మిషనరీ తన భార్యను పాతిపెట్టాడు. పేరు ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్. ఎక్సెటర్‌లో దంతవైద్యుడిగా బాగా సంపాదిస్తూ, ఉన్నదంతా వదులుకుని బాగ్దాదు వెళ్ళినవాడు. డబ్లిన్‌లో డార్బీ మిత్రులతో కలిసి రొట్టె విరిచినవాడు. 1831 వసంతంలో బాగ్దాదులో ప్లేగు దిగింది. వెంటనే టైగ్రిస్ పొంగి ఇళ్ళు కూల్చింది. ఆ తర్వాత నగరాన్ని సైన్యం చుట్టుముట్టి తిండికి కటకట అయింది. ప్రకటన గ్రంథంలోని గుర్రాలు ఒకదాని వెంట ఒకటి వీధిలోంచి వెళ్ళినట్టే. ఐర్లండు భవనంలో శ్రమలకాలం చర్చకు వచ్చిన ఏడాదే ఈ మనిషి దాన్ని ఇంట్లో చూశాడు. ఆయన భార్య మేరీ ప్లేగుతోనే పోయింది.

తెలుగువారి కథ ఇక్కడే మొదలవుతుంది. గ్రోవ్స్ 1833లో భారతదేశం వచ్చాడు, మధ్యలో ఇంగ్లండు వెళ్ళి 1836లో కొత్త పనివారితో మద్రాసు ఓడరేవులో దిగాడు. వారిలో ఇద్దరు డెవన్ ప్రాంతపు బార్న్‌స్టపుల్ నుంచి వచ్చిన మామూలు పనివాళ్ళు, రాతిపని చేసే విలియం బౌడెన్, చెప్పులు కుట్టే జార్జి బీర్. వాళ్ళు గోదావరి డెల్టాకు చేరి నరసాపురం కేంద్రంగా స్థిరపడ్డారు. డార్బీ, గ్రోవ్స్‌లు ఉన్న బృందానికే బ్రదరెన్ అని పేరు, ఆంధ్రలో వారి కూటాలకు నాంది అదే. ఓడ ఎక్కకముందు, అదే 1836 మార్చిలో గ్రోవ్స్ డార్బీకి ఒక ఉత్తరం రాశాడు. మీ బృందం దేన్ని నిలబెడుతుందో దాన్ని బట్టి కాకుండా దేన్ని ఖండిస్తుందో దాన్ని బట్టి గుర్తింపు పొందే దశకు చేరుతోందని అందులో హెచ్చరించాడు.

పన్నెండేళ్ళకు అదే జరిగింది. ప్లిమత్‌లో బెంజమిన్ విల్స్ న్యూటన్ అనే బోధకుడు సంఘం శ్రమల గుండా వెళ్ళాల్సిందేననేవాడు. డార్బీ 1845లో తిరిగొచ్చి ఆయనతో తలపడ్డాడు. పైకి వచ్చిన ఆరోపణలు సంఘ నిర్వహణ మీద, క్రీస్తు స్వభావం గురించిన బోధ మీద. ఆ పొగ కింద ఏళ్ళ తరబడి రాజుకున్న నిప్పు మాత్రం ప్రవచనాల మీది విభేదం. 1848లో బ్రిస్టల్‌లోని బెతెస్దా సంఘం న్యూటన్ సంఘం నుంచి వచ్చినవారిని చేర్చుకుందని డార్బీ ఆ సంఘంతోనే తెగతెంపులు చేసుకున్నాడు. బెతెస్దా పెద్ద ఎవరు? అనాథాశ్రమాలతో పేరుపొందిన జార్జి ముల్లర్. ముల్లర్ గ్రోవ్స్ చెల్లెలి భర్త. గోదావరి మిషనరీలకు ముల్లర్ సంస్థ నుంచి డబ్బు అందేది. గ్రోవ్స్ చివరికి 1853లో కన్నుమూసింది ముల్లర్ ఇంట్లోనే.

అంటే గోదావరి జిల్లాలకు వచ్చిన బ్రదరెన్ పని, డార్బీ వెలివేసిన పక్షానిది. అయినా ఇవాళ ఆంధ్ర బ్రదరెన్ కూటాల్లో గుడ్డపటం వేలాడితే పైబాణం డార్బీ పెట్టిన చోటే ఉంటుంది. మనుషుల్ని పంపింది ఒక పక్షం, పటం నెగ్గింది మరో పక్షానిది.

గుంటూరు, ఒంగోలు మైదానానికి సువార్త మాత్రం ఈ తగువుతో పని లేకుండా వచ్చింది. కలెక్టరు స్టోక్స్ ఆహ్వానం మీద 1842 జులై 31న గుంటూరు చేరిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ లూథరన్. లూథరన్ల 1530 నాటి ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు పదిహేడో అధికరణం, భక్తులు పునరుత్థానానికి ముందే లోకరాజ్యాన్ని ఏలుతారన్న బోధను తోసిపుచ్చుతుంది. వెయ్యేళ్ళ పాలన అన్న పసుపు గడే లేనప్పుడు ఎర్రగడికి ముందా వెనకా అన్న గొడవ పుట్టదు. క్రీస్తు వస్తాడు, చచ్చినవారిని లేపుతాడు, తీర్పు తీరుస్తాడు, అంతే. ఫిరంగిపురం, గుణదల వైపు కతోలికులదీ ఇంచుమించు ఈ తీరే. 1992 నాటి వారి సత్యోపదేశం 675వ పేరా, క్రీస్తు రాకకు ముందు సంఘం ఒక ఆఖరి పరీక్ష గుండా పోవాలని చెబుతుంది, ఆ తర్వాతి పేరా వెయ్యేళ్ళ భూరాజ్యాన్ని కాదంటుంది. నూజివీడులో 1925 నుంచి ఆసుపత్రి నడుపుతున్న అడ్వెంటిస్టులు కూడా శ్రమల గుండా వెళ్ళడం తప్పదనేవారే. 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని కొండంత ఆశతో ఎదురుచూసి భంగపడిన అమెరికా ఉద్యమంలోంచి వచ్చినవారు గనక తేదీల విషయంలో వాళ్ళకు చేదు అనుభవం ఉంది.

ఒంగోలు సంగతి కాస్త నిలిచి చెప్పుకోవాలి. జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద మార్పుతో పని పల్లెల్లోకి పాకింది. 1876లో కరువు పట్టి 1878 దాకా వదల్లేదు. గొడ్లు పోయాయి, మనుషులు దారుల పక్కన పడిపోయారు. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి చూపించాడు. కూడు కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తెరిపివ్వగానే జనం ఆగలేదు. 1878 జులై 3న ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చిందీ తెలుగు బోధకులే. ఆరుగురు, ఒక్కో విడతకు ఇద్దరు చొప్పున నీళ్ళలో నిలబడ్డారు, వాళ్ళు అలిస్తే మరో ఇద్దరు దిగారు. ఆరు వారాల్లో లెక్క 9,606కు చేరింది.

ఆ జనానికి శ్రమలకాలం ముందున్నది కాదు, వెనకున్నది. కాలువ గట్టున తట్టలు మోసి బతికి బయటపడ్డవాళ్ళకు మీరు శ్రమలకు ముందే ఎత్తబడతారని చెప్పి ఉంటే ఏ శ్రమలని అడిగి ఉండేవాళ్ళు. క్లౌను పంపిన అమెరికన్ బాప్టిస్టు సంఘంలో ఈ విషయం మీద ఏకమాట ఎన్నడూ లేదు. ఆ మిషను కార్యవర్గానికి అధ్యక్షుడిగా ఉన్న బోస్టన్ పాస్టరు ఏ. జె. గోర్డన్, ప్రకటన గ్రంథంలోని శ్రమలు సంఘచరిత్రలో ఎప్పటినుంచో నడుస్తూనే ఉన్నాయన్న పక్షం. 1956లో శ్రమల తర్వాతే ఎత్తబడుట అని గట్టిగా వాదిస్తూ పుస్తకం రాసిన జార్జి ఎల్డన్ లాడ్ కూడా ఆ సంఘంలో అభిషేకం పొందినవాడే. మరుసటి ఏడే డాలస్ నుంచి జాన్ వాల్వూర్డ్ ఎదురు పుస్తకం తెచ్చాడు.

మరి ఇవాళ నరసరావుపేట సంతలో నిలబడి ఏ విశ్వాసిని అడిగినా, సంఘం ముందు ఎత్తబడుతుంది, తర్వాత ఏడేళ్ళ శ్రమలు అనే ఎందుకు చెబుతాడు? లూథరన్ ఇంట్లో పుట్టినవాడు కూడా అదే చెబుతాడు, తన సంఘం ఒప్పుకోలు ఏమంటుందో తెలియకుండానే. ఇందుకు కారణాలు దాపరికమేమీ కాదు. 1909లో అచ్చయిన స్కోఫీల్డ్ బైబిలు, లేఖనం కిందే డార్బీ పద్ధతిని పాదసూచికలుగా ఇచ్చింది. కేరళ నుంచి వచ్చి 1930లలో ఆంధ్రలో పెంతెకొస్తు పని నాటిన పి. ఎం. సామ్యూల్ వంటివారు ఆ పద్ధతినే తెచ్చారు. 1948లో ఇశ్రాయేలు దేశం ఏర్పడగానే పటంలోని ఒక గడి నిజమైందన్న నమ్మకం బలపడింది. తర్వాత కరపత్రాలు, క్యాసెట్లు, టీవీ చానళ్ళు. యెరూషలేము యాత్రకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సాయం ఇస్తుంది. 2019లో దాన్ని మూడు లక్షల లోపు వార్షికాదాయం ఉన్నవారికి 60,000 రూపాయలకు, ఆపైవారికి 30,000కు పెంచారు. అలా వెళ్ళొచ్చినవాళ్ళు ఒలీవల కొండను ఫోనులో చూపించి, ప్రభువు పాదం మోపే చోటు ఇదేనంటారు.

ఇంతవరకూ ఇది దిగుమతి కథ. ఇక్కడితో ఆగితే తెలుగు క్రైస్తవులు ఎవరో గీసిన పటాన్ని మోసుకు తిరుగుతున్నారని తేల్చి చేతులు దులుపుకోవచ్చు. కొందరు విమర్శకులు ఆ పనే చేస్తారు కూడా. ఆ తీర్పు తొందరపాటు. ఈ నేల మీదికి వచ్చాక ప్రశ్న మారిపోయింది. ప్లిమత్‌లో ఎప్పుడు అని కొట్టుకున్నారు. తెలుగునాట ఎప్పుడన్నది తేలిపోయినట్టే వదిలేసి, వెళ్ళేదెవరు అని అడగడం మొదలెట్టారు.

దీనికి తెలుగు రూపం ఇచ్చినవారు ముంగమూరి దేవదాసు, విశ్వాసుల నోట దేవదాసు అయ్యగారు. లూథరన్ సంఘంలో దశాబ్దాలు బోధించిన మనిషి. 1938 జనవరి 31న బైబిలు మిషను అన్న పేరు తనకు గాలిలో బంగారు అక్షరాలతో కనబడిందని చెప్పి, లూథరన్ సంఘం నుంచి బయటికి వచ్చారు. 1960లో మరణించేదాకా గుంటూరులోని కాకానితోట ఆయన పనికి కేంద్రాలలో ఒకటి. స్వస్థత, దర్శనాలు, సన్నిధి కూటాలు, గంటల తరబడి మౌనంగా కనిపెట్టడం ఈ మిషను నడక. లూథరన్ పాస్టరూ చిత్రకారుడూ అయిన పి. సాల్మన్‌రాజ్ దీని మీద పరిశోధన చేసి 1986లో ఇంగ్లీషులో గ్రంథం వెలువరించారు. విదేశీ డబ్బుతో కాకుండా జనం మధ్య పుట్టిన క్రైస్తవంగా దాన్ని చదివారు.

దేవదాసు బోధలో రాకడ ఒక పాఠం కాదు, ఊపిరి. పెండ్లికుమార్తె సంఘం అన్న మాట అడుగడుగునా వినబడుతుంది. నామకార్థపు విశ్వాసం చాలదు, సిద్ధపాటు కావాలి. సిద్ధపడినవారు పెండ్లికుమార్తె వరుసలో ఎత్తబడతారు, సిద్ధపడనివారు శ్రమలలో మిగిలిపోయే ప్రమాదం ఉందన్న హెచ్చరిక దాని నడుమ ఉంది. పెళ్ళికూతురికి నలుగు పెట్టి, తలంటి, పట్టుచీర కట్టించడం ఎన్ని గంటల పనో తెలిసిన ఆడవాళ్ళకు ఈ బోధ వివరించి చెప్పనక్కరలేదు.

ఇది ఇంగ్లండులోనూ ఉన్న ఆలోచనే. నార్విచ్ బోధకుడు రాబర్ట్ గోవెట్, తర్వాత జి. హెచ్. లాంగ్, సిద్ధపడినవారే మొదట ఎత్తబడతారన్నారు. గ్రోవ్స్ జీవితచరిత్ర రాసి 1939లో ప్రచురించింది కూడా ఈ లాంగే. చైనాలో వాచ్‌మన్ నీ అదే వైపు. ఆయన ప్రసంగాల నుంచి కూర్చిన అతి ప్రసిద్ధ గ్రంథం మొదట అచ్చయింది 1957లో బొంబాయిలో. పంజాబు సిక్కు కుటుంబంలో పుట్టి, 1950లో హైదరాబాదులో హెబ్రోను అనే సంఘకేంద్రాన్ని స్థాపించిన భక్తసింగ్ కూటాల్లో వాచ్‌మన్ నీ పుస్తకాలు ఇంటింటా ఉంటాయి. అయితే ఇంగ్లండులో గోవెట్ పక్షం గుప్పెడు మందిది, సోదరులే దాన్ని చిన్నచూపు చూశారు. తెలుగునాట అది ఏ శాఖ బోధకుడైనా ఆదివారం అలవాటుగా చెప్పే మాట అయింది. సిద్ధాంత పుస్తకంలో అందరూ ఎత్తబడతారని ఉంటుంది, వేదిక మీద నువ్వు సిద్ధమేనా అని ఉంటుంది. ఈ రెంటికీ పొసగదని అడిగేవాళ్ళు తక్కువ.

ఈ మార్పు చేసిన మేలు కొట్టిపారేయలేనిది. పేదపల్లెల్లో తాగుడు మానిన మగవాళ్ళు, అప్పు ఎగ్గొట్టకుండా తీర్చినవాళ్ళు, పదేళ్ళుగా మాటల్లేని తోడికోడలి గడప తొక్కి క్షమాపణ అడిగినవాళ్ళు రాకడ మాట విని ఆ పని చేశారు. శ్రమలకు ముందా వెనకా అన్న తర్కం ఎవరిచేతా సారా మాన్పించలేదు.

కీడు కూడా ఉంది. మత్తయి 24లో పొలంలో ఇద్దరు ఉంటే ఒకరు తీసుకుపోబడతారని, తిరుగలి విసిరే ఇద్దరు స్త్రీలలో ఒకరు విడిచిపెట్టబడతారని ఉంది. మిరపకోతలో పక్కపక్క సాళ్ళలో వంగి ఉన్న ఇద్దరు ఆడవాళ్ళను ఊహించుకోండి. ప్రసంగం విన్న ఏ ఒక్కతీ తానే తీసుకుపోబడేదాన్నని ధీమాగా అనుకోదు. ఉన్నట్టుండి ఇల్లు నిశ్శబ్దమైతే అందరూ వెళ్ళిపోయారేమో, తానే మిగిలానేమో అని గుండె జారిన పిల్లలు క్రైస్తవ ఇళ్ళలో కొల్లలు. విచిత్రమేమంటే ఆ వచనాలకు ముందున్నది నోవహు కథ. అక్కడ జలప్రళయం తీసుకుపోయింది చెడ్డవారిని, మిగిలింది నోవహు. ఆ లెక్కన తీసుకుపోబడటమే ప్రమాదం, పొలంలో మిగలడమే రక్షణ అని వాదించే పండితులు ఉన్నారు. ఈ ఉపన్యాసకుడికి ఆ చదువే సరైనదిగా తోస్తుంది. ఏ మహాసభ వేదిక మీదా అది వినబడదు.

భయం ఉన్నచోట తేదీలూ గుర్తులూ పుట్టుకొస్తాయి. అమెరికాలో ఎడ్గర్ విజనంట్ 1988లో ఎత్తబడుట ఖాయమని 88 కారణాలు చూపాడు, దాటిపోతే 1989 అన్నాడు. హెరాల్డ్ క్యాంపింగ్ 2011 మే 21 అన్నాడు, అదీ గడిస్తే అక్టోబరు 21 అన్నాడు. ఇక ప్రకటన గ్రంథంలోని మృగపు ముద్ర 666, బార్‌కోడు నుంచి కొవిడ్ టీకా దాకా ప్రయాణం చేసింది. మిజోరంలో కొందరు క్రైస్తవులు ఆధార్ నమోదుకే నిరాకరించారు. రేషనూ, ఉపాధి కూలీ ఆధార్ మీద ఆధారపడిన చోట పేదవాడికి ఆ వదంతి చేసే చేటు మామూలుది కాదు. ఆ దినమూ ఆ గడియా ఎవరికీ తెలియదన్న హెచ్చరిక ఇదే మత్తయి 24లో ఉంది.

అన్నిటికంటే పెద్ద చిక్కు ఇంకొకటి. సిద్ధపడినవారు తప్పించుకుంటారు, సిద్ధపడనివారు శ్రమలలో మిగులుతారు అంటే, శ్రమపడేవాడిలో ఏదో లోపం ఉందన్న అర్థం దానంతటదే వచ్చి కూర్చుంటుంది. ప్రకటన గ్రంథం రెండు, మూడు అధ్యాయాల్లో ఏడు సంఘాలకు ఉత్తరాలున్నాయి. అందులో మందలింపు పడనివి రెండే, ఫిలదెల్ఫియ, స్ముర్న. ఫిలదెల్ఫియకు కాపుదల వాగ్దానం. ముందే ఎత్తబడుట బోధకు మూలస్తంభాల్లో అదొకటని పైన చెప్పుకున్నాం. స్ముర్నకు అందింది మాత్రం చెరసాల కబురు, పది రోజుల శ్రమ, చావు వరకూ నమ్మకంగా ఉండమన్న మాట. ఏ తప్పూ ఎంచని సంఘానికే ఆ కబురు. ఏడు సంఘాలను ఏడు యుగాలుగా పటంలో సర్దేసి, స్ముర్న అంటే ఎప్పటివో రోమా చక్రవర్తుల రోజులని దాటేయడం బోధకులకు సులువైన దారి.

ఈ మైదానంలో స్ముర్న అంత పాతది కాదు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. ప్రాణాలతో బయటపడ్డవాళ్ళు చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు, తర్వాత చీరాలలోనే విజయనగర్ కాలనీ కట్టుకున్నారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపి కొన్ని శవాలను కాలువలో పడేశారు. విచారణకు ప్రత్యేక న్యాయస్థానాన్ని ఆ ఊళ్ళోనే పెట్టారు. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది, 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టేసింది. ఆ రెండు పల్లెల్లోనూ ఆదివారం గుడికి వెళ్ళే కుటుంబాలు ఉన్నాయి. వాళ్ళ పెండ్లికుమార్తె సిద్ధపాటులో ఏం తక్కువైందని ఎవరూ అడగరు, అడిగితే వేదిక దిగి రావలసి వస్తుంది.

1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాదుకు తరలిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో లూథరన్, బాప్టిస్టు, మెథడిస్టు, దక్షిణ ఇండియా సంఘాల విద్యార్థులు ఒకే గదిలో కూర్చుని ప్రకటన గ్రంథం చదువుతారు. అక్కడ పదిహేడో అధికరణం నుంచి లాడ్ వాదం దాకా అన్నీ పాఠ్యాంశాలే. పట్టా పుచ్చుకుని పల్లె సంఘానికి వెళ్ళాక ఆ పాస్టరు మొదటి ఉపవాస కూటంలోనే గుడ్డపటం ముందు నిలబడాల్సి వస్తుంది. పటం తీసేయమంటే సంఘం ఒప్పుకోదు. తీసేయనక్కరలేదు కూడా. రాకడ గురించి చెప్పే ఏ మూడు ఆదివారాల్లోనైనా ఒకటి స్ముర్న ఉత్తరానికి ఇవ్వవచ్చు. పటం మీద దానికి గడి ఇప్పటికే ఉంది, ఏడు సంఘాల వరుసలో ఎడమవైపు నుంచి రెండోది, వెదురు పుల్ల దాని మీద ఆగితే చాలు.